తెలిసిన దారిలో తెలియని పొరుగువాడు

ధ్యానమునకు చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 22:21–35; నిర్గమకాండము 21:28–29; ద్వితీయోపదేశకాండము 22:8; లూకా 16:19–31

రోడ్డు మీద ప్రమాదము జరిగినప్పుడు మన గ్రామములలో తరచుగా వినబడు మాట ఒకటి కలదు. బండి నడిపినవాడు వణకుచు, "నేను చూడలేదండీ! ఈ దారిన వెయ్యిసార్లు తిరిగినవాడినండీ!" అని చెప్పును. ఈ మాటలో రెండు సంగతులున్నవి. చూడలేదనుట ఒకటి, దారి బాగుగా తెలిసినదనుట రెండవది. ఈ రెండును ఒకదానికొకటి పొసగవని అతడు తలంచుచున్నాడు. ఇంతగా తెలిసిన దారిలో ఎదుటనున్న మనిషిని చూడకపోవుట ఎట్లు సంభవించెనో అతనికే అర్థము కాదు. చుట్టు మూగినవారికిని అర్థము కాదు. కాబట్టి కొందరు అతడు బొంకుచున్నాడందురు; కొందరు అంతయు విధివ్రాత అని చెప్పి ఇంటికి పోవుదురు.

ఈ నెల మనము ఆ మాటనే తీసికొని కొంతసేపు ఆలోచింతము. అతడు చెప్పినది నిజమై యుండవచ్చునా? నిజమైనయెడల అది అతనిని నిర్దోషిగా తీర్చునా? తన కంటికి కనబడని దానికొరకు మనుష్యుడు లెక్క అప్పగింపవలసి యుండునా? ఇది లారీ డ్రైవర్లకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు నడుపువారు నేడు మన వీధులన్నిటిలోను ఉన్నారు. భారత ప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో మన దేశమందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది కాలినడకన పోవుచున్నవారు. మరణములలో మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతములలో జరిగినవి. కాబట్టి ఈ ప్రశ్న మన గుమ్మము ముందే యున్నది.

మొదట కన్ను పనిచేయు విధమును తెలిసికొందము. ఎదుటనున్నదంతయు ఒకే తీరున తేటగా కనబడుచున్నదని మనము అనుకొందుము. అది నిజము కాదు. చేయి ముందుకు చాచి బొటనవ్రేలిని నిలిపి చూడుడి. ఆ గోరు కప్పునంత మేర మాత్రమే, ఇంచుమించుగా, కన్ను ఒక క్షణములో తేటగా చూడగలదు. తక్కినది మసక. ఏదో ఉన్నదని తెలియునే గాని అది యేమియో తెలియదు. అందుచేత కన్ను ఒక చోట నిలువక, సెకనుకు రెండు మూడుసార్లు చోటు మార్చుచు, ఇక్కడ ఒక ముక్కను అక్కడ ఒక ముక్కను ఏరుకొనుచుండును. ఆ ముక్కలను మనస్సు కూర్చి ఒక పటముగా చేయును. ముక్కకు ముక్కకు నడుమ ఖాళీ ఉన్నచోట మనస్సు దానిని దేనితో నింపును? జ్ఞాపకముతో నింపును. నిన్న అక్కడ ఏమి ఉండెనో నేడును అదే ఉన్నదని వ్రాసికొనును.

కొత్త దారిలో జ్ఞాపకము లేదు గనుక కన్ను నలుదిక్కుల తిరిగి పని చేయవలెను. తెలిసిన దారిలో జ్ఞాపకము సిద్ధముగా నున్నది గనుక కన్ను విశ్రాంతి తీసికొనును. ఇది మన ఊహ కాదు. అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో మోరంట్, రాక్వెల్ అను ఇద్దరు పరిశోధకులు కారు నడుపువారి చూపు ఎక్కడెక్కడ పడుచున్నదో పరికరముతో గుర్తించి, ఒకే రోడ్డు మీద వారిని మరల మరల నడిపించిరి. దారి పరిచయమైన కొలది వారి చూపు ముందున్న చిన్న మేరలోనికి ముడుచుకొనెనని 1970లో ప్రకటించిరి.

నెదర్లాండ్సు దేశములో మార్టెన్స్, ఫాక్స్ అనువారు చేసిన పరీక్ష ఇంకను ఆలోచింపజేయును. గదిలోనే స్టీరింగు, బ్రేకు అమర్చి, ఎదుట తెర మీద రోడ్డును చూపించు యంత్రము ఒకటి కలదు. అందులో కొందరిని కొన్ని దినములపాటు ఒకే రోడ్డు మీద అనేక పర్యాయములు నడిపించిరి. పర్యాయములు పెరిగిన కొలది దారి పక్కనున్న గుర్తులను వారు చూచు కాలము తగ్గిపోయెను. కడపట ఒక కూడలిలో గుర్తును మార్చిరి. అంతవరకు ఆ కూడలిలో ముందుపోవు హక్కు వారిదే. ఇప్పుడు ఆగి ఇతరులకు దారి ఇయ్యవలెను. అయినను పాత గుర్తే అక్కడ ఉన్నదన్నట్టు నడిపినవారు అనేకులు. ఈ పరీక్ష 2007లో వెలువడెను. కెనడాలో యాంకో, స్పాలెక్ అనువారు 2013లో ప్రకటించిన మరియొక పరీక్షలో, దారి తెలిసినవారు ముందున్న బండి ఆగినప్పుడును, మనిషి అడ్డముగా అడుగు పెట్టినప్పుడును, దారి తెలియనివారి కంటె ఆలస్యముగా బ్రేకు వేసిరని తేలెను.

ఇక్కడ ఒక సంగతిని గమనింపుడి. కన్ను పడుట వేరు, చూచుట వేరు. 2001లో షినోడా, హేహో, శ్రీవాస్తవ అనువారు కృత్రిమమైన వీధిలో "ఆగుము" అను గుర్తును ఒకప్పుడు కూడలిలోను, ఒకప్పుడు రెండు కూడళ్ల నడుమను నిలిపి చూచిరి. కూడలిలో ఉన్న గుర్తును నడుపువారు గుర్తించిరి. నడుమనున్న అదే గుర్తును అనేకమార్లు తప్పిపోయిరి. అది చిన్నదియు కాదు, చాటున ఉన్నదియు కాదు. అక్కడ ఉండునని వారు ఎదురు చూడలేదు, అంతే. ఎదురు చూడనిది కనులయెదుట నిలిచినను మనస్సులోనికి రాదు.

కాబట్టి "నేను చూడలేదండీ" అనినవాడు బొంకలేదని మనము ఒప్పుకొనవలెను. అంతేకాదు, దారి తెలిసియుండుటకును చూడకపోవుటకును విరోధము లేదు. దారి తెలిసినందుననే చూడలేదు.

అట్లయిన అలవాటు అనునది చెడ్డదా? త్వరపడి తీర్పు చెప్పకుందము. అలవాటు లేనియెడల మనము బ్రదుకలేము. నూలు వడుకు చేయి, నాట్లు వేయు చేయి, రొట్టెపిండి పిసుకు చేయి ప్రతిసారియు మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినయెడల ఏ పనియు సాగదు. బండి నడుపుటయు అట్టిదే. పైని చెప్పిన ఒహాయో పరిశోధకులే 1972లో కొత్తగా నేర్చుకొనువారిని పరీక్షించిరి. వారు బండి ముందరి దగ్గరి చోటునే చూచుచు, అద్దములవైపు తక్కువగా చూచిరి. అనుభవము గలవారు దూరముగా చూచిరి. అనగా నేర్పు చూపును విశాలపరచును. ఒకే దారిలో తిరుగుటవలని పరిచయము దానిని ముడుచును. ఈ రెండును ఒకే మనిషిలో కలిసియుండును. ఇరువది ఏండ్లు నడిపినవాడు తన నేర్పును నమ్ముకొనుచున్నాననుకొనును. నిజముగా నమ్ముకొనుచున్నది తన జ్ఞాపకమును.

తెలిసిన దారిలో మేలును కలదు. ఏ మలుపు చాటున పాఠశాల గేటున్నదో, ఏ తూము దగ్గర గేదెలు దిగునో, కోతల కాలమందు ఏ మేర రోడ్డు మీద వడ్లు ఆరబోయుదురో ఆ ఊరివానికి తెలియును, కొత్తవానికి తెలియదు. ఆ తెలివి ప్రాణములను కాపాడును. అందుచేత తెలిసికొనుటలో రెండు విధములున్నవని మనము చెప్పవలెను. మలుపు, తూము, మైలురాయి, మర్రిచెట్టు మారనివి. వాటిని జ్ఞాపకముతో ఎరిగియుండుట న్యాయమే. మనుష్యులును పశువులును అట్టివారు కారు. నిన్న ఆ మర్రిచెట్టు క్రింద ఎవరును లేరు. నేడు ఒక ముసలమ్మ కట్టెలమోపుతో దాటుచున్నది. దారి పాతదే గాని, దారిన పోవువారు ప్రతిదినము కొత్తవారు. రాతిని ఎరిగినట్టు మనిషిని ఎరుగుదునని తలంచుటయే ఇక్కడి పొరపాటు.

బిలాము చరిత్రను ఈ తలంపుతో మరల చదువుడి. అతడు దర్శనములు చూచుటలో పేరుపొందినవాడు. అతని క్రిందనున్నది గాడిద. దారిలో కత్తి దూసి నిలిచిన దూతను గాడిద చూచెను, ప్రవక్త చూడలేదు. మొదట అది పొలములోనికి తొలగెను. పిమ్మట ద్రాక్షతోటల గోడల నడుమ ఇరుకు సందులో అతని కాలిని గోడకు నొక్కెను. మూడవమారు తొలగుటకు చోటు లేక కూలబడెను. మూడుమారులును అతడు దానిని కొట్టెను. అప్పుడు ఆ గాడిద అతనితో వాదించిన విధము గమనింపదగినది. తాను ఏదో గొప్ప వస్తువును చూచితినని అది చెప్పలేదు. ఇన్నేండ్లుగా నీవు నా మీద ఎక్కి తిరిగితివి గదా, నేనెప్పుడైన ఇట్లు చేసితినా అని అడిగెను. అతడు లేదని ఒప్పుకొనెను.

ఆ ప్రశ్నలో మనకు కావలసిన బోధ అంతయు ఉన్నది. బిలామునకు గాడిదతో చిరకాల పరిచయము. ఆ పరిచయమును అతడు ఏ విధముగా వాడుకొనెను? ఇది ఎప్పటివలె నడువవలెను, నడువనిచో దెబ్బ కొట్టవలెను అని వాడుకొనెను. మరియొక విధముగా వాడుకొనియుండవచ్చును. ఇది ఎన్నడును తొలగనిది, నేడు తొలగినది, కాబట్టి ఎదుట ఏదో ఉన్నది, ఆగి చూతము అని యుండవచ్చును. ఒకే పరిచయము ఒక విధముగా కన్ను మూయును, మరియొక విధముగా తెరచును. ఎప్పటివలె ఉండును అనుకొనుట మొదటిది. ఎప్పటివలె ఉన్నదా అని అడుగుట రెండవది. తెలిసిన దారిలో నడుపువానికిని ఈ రెండే మార్గములు. గేటు దగ్గర పిల్లలు లేరు, పక్కన ఒక బంతి పడియున్నది. రాత్రివేళ ఎదుటి బండి దీపము కారణము లేక పక్కకు జరిగినది. ఎప్పుడును పరుండియుండు కుక్క లేచి నిలిచియున్నది. దారి ఎరిగినవాడే ఈ భేదములను కనిపెట్టగలడు. కనిపెట్టుట వానికి ఇయ్యబడిన వరము. కొట్టి ముందుకు పోవుట వాని శోధన.

ఇప్పుడు కఠినమైన ప్రశ్నకు వత్తుము. కన్ను ఈ విధముగా చేయబడినదైతే, చూడనివానిమీద దోషము మోపుట న్యాయమా? కొందరు న్యాయము కాదందురు. తన శక్తిలో లేనిదానికొరకు ఎవనిని శిక్షింపరాదందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. ఆ ఒక్క క్షణమును మాత్రమే చూచినయెడల, మనస్సులోనికి రాని మనిషికొరకు బ్రేకు వేయుట ఎవని తరమును కాదు. తాను చూడనిదానిని చూడలేదని ఎవడును ఎరుగలేడు గదా!

కాని మనుష్యుని క్రియ ఆ ఒక్క క్షణములో మొదలు కాలేదు. గ్రీకు జ్ఞాని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రము మూడవ పుస్తకములో ఈ చిక్కును విప్పుటకు త్రాగినవానిని చూపెను. త్రాగినవాడు తప్పు చేయు సమయమందు తాను చేయుచున్నదేమో ఎరుగడు. అయినను త్రాగకుండుట అతని వశములో ఉండెను గనుక ఆ ఎరుగనితనమునకు అతడే కర్త అని చెప్పెను. అజాగ్రత్తవలన ఎరుగనివారిని గూర్చియు అట్లే చెప్పెను. మన దేశపు చట్టమును ఈ త్రోవనే నడుచుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, నిర్లక్ష్యమువలన ఒకని మరణమునకు కారణమైనవాడు 106వ సెక్షను క్రింద శిక్షార్హుడు. చంపవలెనను ఉద్దేశము లేదనుట అక్కడ చాలదు.

మోషే ధర్మశాస్త్రములో ఇంతకంటె సూక్ష్మమైన తూకము ఒకటి ఉన్నది. ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల ఎద్దును చంపవలెను గాని యజమానునిమీద దోషము లేదు. అయితే ఆ ఎద్దు మునుపటినుండి పొడుచు అలవాటు గలదై, ఆ సంగతి యజమానునికి తెలియజేయబడియు అతడు దానిని కట్టివేయక విడిచినయెడల, దోషము యజమానునిమీదికి వచ్చును. ఎద్దు అదే, కొమ్ము అదే, మరణము అదే. భేదము ఎక్కడ? తెలియజేయబడుటలో ఉన్నది. మన చూపునకు ముడుచుకొను అలవాటు ఉన్నదని మనకు తెలియనంత కాలము ఒక లెక్క. తెలిసిన పిమ్మట మరియొక లెక్క. ఈ పత్రిక చదివిన మనకు ఇప్పుడు తెలియజేయబడినది. ఇక మీదట, నా కన్ను నన్ను మోసగించినదని చెప్పుటకు మనకు వీలులేదు. మోసగించునని తెలిసిన కంటిని ఎంత వేగముతో నడిపించితివి అని అడుగుదురు.

ద్వితీయోపదేశకాండములో కొత్త ఇల్లు కట్టుకొనువానికి ఇచ్చిన ఆజ్ఞయు ఇట్టిదే. ఇంటి కప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎవడైన పడి చచ్చినయెడల ఆ రక్తము ఆ ఇంటిమీద ఉండకుండునట్లు కట్టవలెను. ఆలోచించుడి: ఆ కప్పు అంచు ఎక్కడ ఉన్నదో ఇంటివానికి బాగుగా తెలియును. చీకటిలోనైనను తెలియును. పిట్టగోడ తనకు అక్కరలేదని అతనికి తోచును. అయినను ఆ గోడ తెలిసినవానికొరకు కాదు, తెలియనివానికొరకు. తనకు తెలిసినచోట ఇతరుని అపాయమును మరచిపోవుట సులభము గనుకనే దేవుడు ఆ ఆజ్ఞను ఇంటివానికి ఇచ్చెను. మరియు అంచు దగ్గర ఎప్పుడును జాగ్రత్తగా చూచుచుండుమని అతనికి చెప్పలేదు. చూపు తప్పునని ఎరిగి గోడ కట్టుమని చెప్పెను.

ఇందువలన మన మొదటి ప్రశ్నకు జవాబు దొరకుచున్నది. దోషము చూడని క్షణములో లేదు. ఆ క్షణమునకు ముందు, చూడగలుగుటకు సమయము మిగుల్చుకొనకుండ చేసికొన్న నిర్ణయములో ఉన్నది. తెలిసిన దారి గదా అని వేగము పెంచినది అక్కడ. ఫోనునకు చేయి చాచినది అక్కడ. మలుపులో హారను ఎందుకు, ఎవరుందురు అని తలంచినది అక్కడ. అవి మన వశములో ఉండెను.

అయితే ఏమి చేయవలెను? ఎల్లప్పుడు అన్నిటిని చూచుచుండుడి అని చెప్పుట వ్యర్థము. మనుష్యునికి అది సాధ్యము కాదు. సాధ్యము కాని ఆజ్ఞ రెండు దినములలో మరవబడును. పిట్టగోడవంటి పనులనే చెప్పుదము.

మొదటిది, వేగము తగ్గించుట. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో 16 మీటర్లకు మించి పోవును. 40 కిలోమీటర్లయినచో 11 మీటర్లు. బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము 40కంటె 60లో రెండింతలకు పైగా ఉండును. కన్ను పొరపడినను దిద్దుకొనుటకు సమయమిచ్చునది ఇదొక్కటే. ఊరి వెలుపల నెమ్మదిగా నడిపి, తన ఊరు సమీపించగానే వేగము పెంచువారిని మనము ఎరుగుదుము. ఇల్లు వచ్చినదను సంతోషముతో అట్లు చేయుదురు. దానిని తలక్రిందులు చేయవలెను. బాగుగా తెలిసిన మేరలోనే ఎక్కువ నెమ్మదిగా పోవలెను, ఏలయనగా అక్కడనే కన్ను నిద్రించును.

రెండవది, నోటితో చెప్పుట. రైలు ఇంజను నడుపువాని దారికంటె మార్పులేని దారి ఏది? పట్టాలు ఎన్నడును జరుగవు. అందుచేతనే జపాను రైల్వేలలో నడుపువారు ప్రతి సిగ్నలును వ్రేలితో చూపి, దాని స్థితిని పైకి పలుకుదురు. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో చేసిన ఒక పరీక్షలో, వ్రేలు చూపి పలుకుటవలన పొరపాటులు ఇంచుమించు ఆరవ వంతునకు తగ్గెను. మన దేశపు రైళ్లలోను లోకో పైలట్, అతని సహాయకుడు సిగ్నలును ఒకరికొకరు పైకి చెప్పుకొందురు. వారు పసిపిల్లలై అట్లు చేయుట లేదు. అలవాటుపడిన కంటిని నోరు మేల్కొలుపును గనుక చేయుచున్నారు. మన కుటుంబములో బండి మీద వెనుక కూర్చున్నవారు ఈ పని చేయవచ్చును. "గేటు దగ్గర పిల్లలున్నారు నాయనా" అని తల్లి చెప్పినప్పుడు కుమారుడు "నాకు తెలియును" అని విసుగుకొనరాదు. అతనికి గేటు తెలియును. నేడు అక్కడ ఉన్న పిల్లలు తెలియరు.

మూడవది, దారినే బాగుచేయుట. ఫిన్లండు దేశములో సుమ్మాల, అతని సహకారులు 1996లో ప్రకటించిన పరిశీలనలో, కూడలి దగ్గర కుడివైపునకు తిరుగు కార్లవారు ఎడమనుండి వచ్చు కార్లనే చూచుచు, కుడినుండి వచ్చు సైకిలువానిని చూడకుండిరి. వారికి భయము ఎడమనుండి గనుక కన్ను అటే పోయెను. అయితే వేగము తగ్గించు గట్టు ఆ కూడలిలో వేసినప్పుడు వారి చూపు సైకిలువానివైపునకును తిరిగెను. ఎంత విలువైన సంగతి! తనకు హాని చేయగలవానిని చూచుట కంటికి సహజము. తాను హాని చేయగలవానిని చూచుటకు సమయము కావలెను. ఆ సమయమును ఒక చిన్న గట్టు ఇచ్చెను. మన ఊరి పాఠశాల ముందు, ఆరాధన మందిరము ముందు గట్టు, తెల్లచారలు, దీపము లేనియెడల పంచాయతీని అడుగుట సంఘపెద్దల పని కాదనరాదు. మన దేశములో బ్రాడ్ గేజి మార్గములమీద కాపలా లేని రైలు గేట్లన్నియు 2019 జనవరి 31 నాటికి తొలగింపబడినవి. దినమునకు రెండు రైళ్లు మాత్రమే పోవు చోట రైలు రాదను నమ్మకమే పెద్ద అపాయము. మనుష్యుని జాగ్రత్తమీదనే భారము వేయక దారినే మార్చిరి. అట్లే ట్రాక్టరు ట్రాలీ వెనుకను, ఎడ్లబండి వెనుకను వెలుగును తిరిగి కొట్టు ఎర్రపట్టీ అంటించుట, వడ్లు రోడ్డు మీద ఆరబోసి రాత్రివేళ రాళ్లు అడ్డముపెట్టి విడువకుండుట మన చేతిలోని పనులు.

స్వీడన్ దేశమందు జరిగిన ఒక సంగతి చెప్పుదము. అక్కడ బండ్లు రోడ్డునకు ఎడమవైపున నడుచుచుండెను. 1967 సెప్టెంబరు 3, ఆదివారము తెల్లవారుజామున 5 గంటలకు దేశమంతయు ఒక్కసారిగా కుడివైపునకు మారెను. ప్రమాదములు విస్తరించునని అనేకులు భయపడిరి. అయితే ప్రమాదములు తగ్గెను. ప్రభుత్వము ఆ దినములలో వేగమును తగ్గించుటయు ఒక కారణమే. గాని తమ వీధియే తమకు కొత్తదైనందున ప్రతివాడును కండ్లు తెరచి నడుపుటయు కారణమే. కొంత కాలము గడచిన పిమ్మట కొత్త దారి పాతదాయెను, ప్రమాదముల సంఖ్యయు మునుపటి స్థితికి తిరిగి వచ్చెను. ఒకసారి మేల్కొనుట చాలదని దీనివలన నేర్చుకొనవలెను. ఉజ్జీవ కూటములు ముగిసిన మూడవ నెలలో మన స్థితి ఎట్లుండునో ఎరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

చివరగా, ఈ పాఠము రోడ్డు దగ్గర ఆగిపోదని గమనింతము. లూకా సువార్తలోని ధనవంతుడు లాజరును కొట్టెనని గాని, తరిమెనని గాని అక్కడ వ్రాయబడలేదు. లాజరు పరుండినది అతని వాకిటనే. ఆ వాకిలి ధనవంతునికి మిక్కిలి తెలిసిన దారి. దినదినము అటే పోయి అటే వచ్చుచుండెను. లాజరు పేరును అతడు ఎరుగును, ఏలయనగా పాతాళమునుండి పేరు పెట్టియే అడిగెను. పేరు తెలిసినవానిని, తన గుమ్మములోనున్నవానిని, అతడు రాతిని చూచినట్టు చూచెను. కన్ను పడెను గాని చూడలేదు. మొదటి దినమున ఆ పుండ్లు అతనికి కనబడియుండవచ్చును. నూరవ దినమునకు లాజరు వాకిటి అరుగువలె ఆయెను.

మన ఇండ్లలో అట్టివారు ఎవరో ఎవరికి వారు తలంచుకొనవలెను. ఇరువది ఏండ్లుగా అదే పొయ్యి దగ్గర కూర్చున్న భార్య ముఖము ఈ నెలలో పాలిపోయినది. భర్త చూడలేదు, ఎందుకనగా అతనికి ఆ ముఖము తెలియును. మంచములోనున్న ముసలి తండ్రి మాట తగ్గించెను, కుమారుడు గమనింపలేదు. మందిరములో ఎప్పుడును వెనుక వరుసలో కూర్చుండు అక్క మూడు ఆదివారములనుండి రాలేదు; ఆమె చోటు ఖాళీగా నున్నను మన జ్ఞాపకము ఆమెను అక్కడనే కూర్చుండబెట్టినది. వీరిని చూడకపోవుట ద్వేషము కాదు. అయినను దారిలో మనిషిని కూల్చిన చక్రమునకును ద్వేషము లేదు గదా!

కాబట్టి, ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ నెలలో రెండు పనులు చేయుదము. మనలో బండి నడుపువారు తమ ఇంటినుండి మందిరమునకు వచ్చు దారిలో పిల్లలు, ముసలివారు దాటు చోట్లను కుటుంబముతో కూర్చుండి ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పుకొనవలెను. ఆ చోట్లకు వచ్చినప్పుడు వేగము తగ్గించి, పైకి పలికి, ముందుకు సాగవలెను. బండి లేనివారు తాము దినము దాటిపోవు ఒక గుమ్మము ముందు ఒక్క దినము ఆగి, లోపలివారి క్షేమము అడిగి రావలెను. దారి తెలియునని చెప్పుట మానవలసిన పని లేదు. దారి తెలియును గాని, నేడు దారిలో ఎవరున్నారో నాకింకను తెలియదు అని చెప్పుకొని బయలుదేరుదము.